అన్నీ ఉన్నా బేచైనీ: ఇమామ్ గజాలీ బగ్దాద్ ఎందుకు వదిలారు?



నలభై దాటిన మన మగవాళ్లూ, ఆడవాళ్లూ ఈ మధ్య మెల్లగా, కొంచెం సిగ్గుపడుతూ అనే మాట ఒకటుంది. "అల్లాహ్ అన్నీ ఇచ్చాడు. అయినా ఏదో కమీగా ఉంది." దాదా దూది ఏకిన ఇల్లు, అబ్బా మెకానిక్ షెడ్డులో ఒళ్లు అరగదీసుకున్న ఇల్లు. ఇవాళ అదే ఇంట్లో ఒకరు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు, ఇంకొకరు రియాద్‌లో ఇరవై ఏళ్లు పనిచేసి వచ్చి టోలీచౌకీలోనో గుంటూరులోనో ఫ్లాట్ కొన్నారు. పిల్లలు మంచి స్కూళ్లలో చదువుతున్నారు. ఉమ్రా అయింది. అప్పులు తీరాయి. ఇక సుకూన్ రావాలి కదా? రావడం లేదు.

ఈ మాట నలుగురిలో అంటే రెండు జవాబులు వస్తాయి. ఒకటి, "ఇది నాషుక్రీ. లేనివాళ్లను చూసి షుకర్ చెయ్." రెండోది, "అంతా వదిలేసి దీన్‌లోకి వచ్చెయ్." మొదటి జవాబుతో నోరు మూతపడుతుంది గానీ బేచైనీ పోదు. రెండో జవాబు వినడానికి బాగుంటుంది, కానీ వదిలేశాక బీవీ పిల్లల హఖ్ ఎవరు తీర్చాలో అది చెప్పదు.

900 ఏళ్ల పైచిలుకు క్రితం బగ్దాద్‌లో ఒక మనిషికి ఇదే బేచైనీ వచ్చింది. ఆయనకు నాషుక్రీ అని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు, ఎందుకంటే షుకర్ అంటే ఏమిటో ఊరికి నేర్పుతున్నది ఆయనే. దీన్‌లోకి రమ్మని చెప్పేవారూ లేరు, ఎందుకంటే ఆ నగరంలో దీన్ పాఠాలకు ఆయనే పెద్ద ఉస్తాద్. ఆయన ఇమామ్ అబూ హామిద్ ముహమ్మద్ అల్-గజాలీ, రహ్మతుల్లాహి అలైహ్. ఆయన కథను మనం బయానుల్లో ముక్కలుగా వింటుంటాం. పూర్తి వరుసలో చూస్తే మన ఇళ్లకు పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి.

నూలు వడికే ఇంటి పిల్లవాడు

ఆయన పుట్టింది 1058లో, హిజ్రీ 450లో, ఖురాసాన్‌లోని తూస్‌లో. నేటి ఇరాన్‌లో మష్హద్ పక్కనే ఆ పాత ఊరి ఆనవాళ్లున్నాయి. అరబీలో గజ్జాల్ అంటే నూలు వడికేవాడు. ఆయన పేరు గజాలా అనే పల్లె నుంచి వచ్చిందనేవారూ ఉన్నారు. అయితే తండ్రి ఉన్ని వడికి దుకాణంలో అమ్ముకునేవారని పాత జీవిత చరిత్రలు చెబుతాయి. దూదేకుల, నూర్‌బాషా ఇళ్లలో పుట్టిన మన తెలుగు ముసల్మానులకు ఆ ఇల్లు ఎలా ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఆ తండ్రికి చదువు లేదు. ఆలిముల మజ్లిస్‌లలో వెనక కూర్చుని వినేవారట, తన పిల్లలు అలా కావాలని దుఆ చేసేవారట. వఫాత్ దగ్గర పడినప్పుడు ఇద్దరు కొడుకులను, ముహమ్మద్‌నూ అహ్మద్‌నూ, ఒక సూఫీ దోస్త్ చేతిలో పెట్టి, దాచిన కాస్త పైసా ఇచ్చి, "వీళ్లను చదివించు" అని వసియ్యత్ చేశారు. పైసా అయిపోయింది. ఆ దోస్త్ తానే ఫకీర్. పిల్లలను కూర్చోబెట్టుకుని ఉన్నమాట చెప్పారు: మదర్సాలో చేరండి, తిండి దొరుకుతుంది.

అలా మొదలైంది ఆ చదువు. అన్నం కోసం. ఇది గజాలీ దాచుకోలేదు. మొదట ఇల్మ్ కోసం వెళ్లింది అల్లాహ్ కోసం కాదని పెద్దయ్యాక ఆయనే ఒప్పుకునేవారని రివాయత్. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. రోజీ కోసం చదవడం ఐబ్ కాదు. మన పిల్లలు ఇంజినీరింగ్ చదివేదీ దానికే. ప్రశ్న ఏమిటంటే, రోజీ దొరికాక కూడా మనిషి అదే ఆకలితో పరుగెడుతున్నాడా, లేదా?

మెట్లు ఎక్కిన తీరు

తూస్‌లో ఫిఖ్ హ్ పాఠాలయ్యాక జుర్జాన్ వెళ్లారు. అక్కడి నుంచి తిరిగొస్తుంటే దారిలో దొంగలు పడి అంతా దోచుకున్నారట. మిగతాది పోతే పోయింది, నేను రాసుకున్న నోట్సు ఇచ్చేయండి, నా ఇల్మ్ అంతా అందులోనే ఉందని యువకుడు వెంటపడితే, దొంగల సర్దార్ నవ్వాడట. మేం సంచి లాక్కుంటే పోయేది ఇల్మ్ ఎలా అవుతుందని అడిగాడట. ఇంటికొచ్చి మూడేళ్లు కూర్చుని ఆ నోట్సు మొత్తం కంఠతా పట్టారు గజాలీ.

తర్వాత నీషాపూర్. అక్కడ ఉస్తాద్ ఇమాముల్ హరమైన్ జువైనీ, ఆ కాలంలో షాఫయీ మజ్హబ్‌కు, ఇల్మె కలామ్‌కు పెద్ద దిక్కు. 1085లో జువైనీ వఫాత్ అయ్యాక గజాలీ సల్జూఖ్ సుల్తాన్ మలిక్ షా వజీర్ నిజాముల్ ముల్క్ దర్బార్ చేరారు. ఈ నిజాముల్ ముల్క్ కూడా తూస్ వాడే. సల్తనత్ నడిపింది దాదాపు ఆయనే. ఆయన పేరు మీద కట్టిన మదర్సాలనే నిజామియా అంటారు. బగ్దాద్ నిజామియా 1067లో తెరుచుకుంది. ఉస్తాద్‌కు తనఖా, షాగిర్దులకు తిండి, వసతి, నడపడానికి వఖ్ఫ్ ఆస్తులు. ఆ కాలానికి అంతకంటే పెద్ద కుర్సీ ఆలిమ్‌కు లేదు.

1091లో ఆ కుర్సీ గజాలీకి వచ్చింది. వయసు 33. దర్బార్ ఆయనకు జైనుద్దీన్ లాంటి ఖితాబులు ఇచ్చింది. బగ్దాద్‌లో 300 మంది షాగిర్దులకు దర్స్ ఇస్తున్నానని ఆయనే రాసుకున్నారు. చరిత్రకారుడు ఇబ్న్ అల్-జౌజీ దర్జ్ చేసిన రివాయత్ ఒకటుంది. గజాలీ మొదటిసారి బగ్దాద్‌లో అడుగుపెట్టినప్పుడు ఆయన ఒంటి మీది లిబాస్, ఎక్కి వచ్చిన సవారీ కలిపి లెక్కగడితే 500 దీనార్లు తేలాయట. నూలు వడికినవాడి కొడుకు పట్టు కట్టి వచ్చాడని చూసినవాళ్లు లెక్కలు వేశారన్నమాట. మన మొహల్లాలో కొత్త కారు వచ్చినప్పుడు జరిగేది కూడా అదే.

నాలుగేళ్లలో ఆయన ఫల్సఫా మొత్తం ఉస్తాద్ లేకుండా, పాఠాల మధ్య మిగిలిన టైములో చదివారు. ముందు ఫల్సఫావాళ్ల వాదం ఏమిటో చెప్పే మఖాసిద్ అల్-ఫలాసిఫా, తర్వాత దాన్ని ఖండించే తహాఫుత్ అల్-ఫలాసిఫా రాశారు. ఖలీఫా ముస్తజ్హిర్ కోరిక మీద బాతినీలకు జవాబుగా ఒక కితాబ్ రాశారు. ఇల్మ్, షోహ్రత్, దౌలత్, దర్బార్‌లో ఇజ్జత్. ఏం తక్కువ?

చుట్టూ పడిపోతున్న పెద్ద చెట్లు

ఒక సంగతి బయానుల్లో తక్కువగా వస్తుంది. ఆ నాలుగేళ్లలోనే ఆయన నీడనిచ్చిన చెట్లు ఒక్కొక్కటే కూలాయి. 1092 రమజాన్‌లో నిజాముల్ ముల్క్ ఇస్ఫహాన్ నుంచి బగ్దాద్ వస్తూ దారిలో కత్తిపోటుకు చనిపోయారు. నెల రోజులు తిరిగాయో లేదో, సుల్తాన్ మలిక్ షా కూడా పోయాడు. వయసు 37. కొడుకుల మధ్య తఖ్త్ కోసం లడాయి మొదలైంది. 1094 మొదట్లో ఖలీఫా ముఖ్తదీ హఠాత్తుగా మరణించాడు. ఆయనకూ నలభై నిండలేదు. కొత్త ఖలీఫా ముస్తజ్హిర్‌కు బైఅత్ చేసినవారిలో గజాలీ ఉన్నారు.

మలిక్ షా, ముఖ్తదీ ఇద్దరూ గజాలీ ఈడువాళ్లే. తన వయసు మనుషుల జనాజాలు చూడడం మొదలయ్యే దశ అది. మనకూ నలభైలలోనే అది మొదలవుతుంది. ఒక క్లాస్‌మేట్‌కు గుండెపోటు, ఒక కజిన్‌కు కేన్సర్. లెక్క తప్పుతున్నట్టు అనిపిస్తుంది. ఖుర్ఆన్‌లో సూరా అహ్ఖాఫ్ మనిషి నలభై ఏళ్లకు చేరే సంగతిని ప్రత్యేకంగా ప్రస్తావిస్తుందని మీకు తెలుసు. ఆ వయసులో మనిషి వెనక్కు అమ్మీ అబ్బాల వైపూ, ముందుకు ఔలాద్ వైపూ చూసి దుఆ చేయడం అక్కడ కనిపిస్తుంది. నలభై అనేది ఊరికే వచ్చిన అంకె కాదు.

ఆరు నెలలు

హిజ్రీ 488 రజబ్, అంటే 1095 జూలై. గజాలీ వయసు 37, హిజ్రీ లెక్కలో 38. ఆ నెలలో మొదలైనది దాదాపు ఆరు నెలలు సాగింది. దాన్ని ఆయన తన చివరి ఏళ్లలో రాసిన అల్-ముంఖిజ్ మినద్దలాల్‌లో ఏమీ దాచకుండా చెప్పారు. అంత పెద్ద ఆలిమ్ తన లోపలి కమ్జోరీని ఇలా విప్పి చెప్పడం అరుదు.

అంతకుముందు సూఫీల కితాబులు చదివారు. అబూ తాలిబ్ మక్కీ, హారిస్ ముహాసిబీ, జునైద్, బాయజీద్ మాటలు. చదివి అర్థం చేసుకోవడం ఆయనకు పెద్ద పని కాదు. కానీ ఒక సంగతి పట్టుకున్నారు. ఇది చదివితే వచ్చేది కాదు, రుచి చూస్తే, జౌఖ్‌తో, వచ్చేది. దానికి ఆయన ఇచ్చిన మిసాల్ ఏ హకీమ్‌కైనా నచ్చుతుంది. సెహత్ అంటే ఏమిటో, దాని కారణాలేమిటో తెలిసి ఉండడం వేరు, ఒంట్లో సెహత్ ఉండడం వేరు. జబ్బు పడిన హకీమ్‌కు మందులన్నీ తెలుసు, సెహత్ మాత్రం లేదు.

అప్పుడు తన పనులు ఒక్కొక్కటీ తీసి చూసుకున్నారు. అన్నింటిలో మంచిది దర్స్ ఇవ్వడం. ఆ దర్స్ వెనక నియ్యత్ ఏమిటని వెతికితే అక్కడ అల్లాహ్ రజా కనిపించలేదు. జాహ్ కనిపించింది, పేరు నలుదిక్కులా పాకాలన్న కోరిక కనిపించింది. కూలిపోయే ఒడ్డు అంచున నిలబడి ఉన్నానని తేలింది.

తెలిసింది కదా, వెంటనే లేచి వెళ్లిపోయారా? లేదు. ఈ కథలో మనకు అసలు దగ్గరగా ఉండే భాగం ఇదే. ఒకరోజు వెళ్లిపోదామని ఇరాదా, మర్నాడు ఆ ఇరాదా మాయం. ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కు. పొద్దున ఆఖిరత్ మీద మనసు పడితే సాయంత్రానికి ఖ్వాహిషుల ఫౌజ్ వచ్చి దాన్ని తరిమేసేది. లోపల ఒకరు సఫర్‌కు బయల్దేరు, ఉమర్ కొంచెమే మిగిలిందని పిలుస్తుంటే, ఇంకొకరు ఇది తాత్కాలికం, నాలుగు రోజుల్లో పోతుంది, ఇంత సాఫ్‌గా నడుస్తున్న కుర్సీ వదిలితే మళ్లీ కావాలన్నా దొరకదని చెవిలో చెప్పేవారు. ఉద్యోగం మారాలా వద్దా, దుబాయ్ నుంచి ఇంటికి రావాలా వద్దా అని ఏళ్ల తరబడి ఊగిసలాడినవారికి ఈ రెండో గొంతు బాగా పరిచయం.

చివరికి నిర్ణయం మనసు చేతిలోంచి ఒంటి చేతిలోకి పోయింది. ఒకరోజు దర్స్ ఇద్దామని కూర్చుంటే నాలుక కదల్లేదు. ఎదురుగా షాగిర్దులు, వాళ్ల దిల్ ఖుష్ చేయడానికైనా రెండు మాటలు చెబుదామంటే ఒక్క మాట రాలేదు. ఆ దిగులు కడుపులోకి దిగింది. నీళ్లు మింగుడుపడవు, ఒక్క ముద్ద అరగదు. ఒళ్లు చిక్కిపోయింది. హకీములు వచ్చి చూశారు, ఆశ వదులుకున్నారు. ఇది దిల్‌లో మొదలై ఒంట్లోకి పాకింది, లోపలి గమ్ తీరితే తప్ప మందు పనిచేయదని చెప్పారు.

ఇక్కడ ఆగి ఒక మాట. ఆయనకు జబ్బు చేస్తే హకీములు చూశారు. ఇమాన్ కమ్జోర్ అయిందని ఎవరూ వెక్కిరించి ఊరుకోలేదు. నిద్ర పట్టక, తిండి సహించక, మాట పెగలక వారాలు గడుస్తుంటే మన ఇంట్లోనూ ముందు డాక్టర్‌కు చూపించాలి. దుఆ, దవా రెండూ మన తరీఖాలో ఉన్నాయి.

వెళ్లిన తీరు

తనవల్ల ఏమీ కాదని తేలాక, దారులన్నీ మూసుకుపోయినవాడు అల్లాహ్‌ను వేడుకున్నట్టు వేడుకున్నానని ఆయన రాశారు. అప్పుడు దౌలత్, ఔలాద్, దోస్తుల మీది పట్టు వదులుకోవడం దిల్‌కు ఆసాన్ అయిందట. 488 జిల్‌ఖాదాలో, అంటే 1095 నవంబరులో, బగ్దాద్ వదిలారు. మక్కాకు వెళుతున్నానని చెప్పారు. లోపల ఉన్నది షామ్ వెళ్లాలని. ఖలీఫా, దోస్తులు ఆపేస్తారని భయం.

బయానుల్లో ఈ సన్నివేశాన్ని అంతా తన్నేసి వెళ్లిపోయినట్టు చెబుతారు. ఆయన రాసుకున్నది అలా లేదు. మాల్ పంచేశారు, నిజమే. కానీ తనకూ పిల్లల తిండికీ సరిపడేంత ఉంచుకున్నారు. ఇరాఖ్ మాల్ ముసల్మానుల కోసం వఖ్ఫ్ అయినది, ఆలిమ్ తన అయాల్ కోసం తీసుకోవడానికి దానికంటే మంచి మాల్ లేదని ఫిఖ్ హ్ కారణం కూడా ఇచ్చారు. దర్స్ ఆగకుండా నిజామియాలో తమ్ముడు అహ్మద్ గజాలీ ఆయన స్థానంలో కూర్చున్నారు. దిల్ అంత చెదిరి ఉన్న సమయంలోనూ ఇంటి ఖర్చు, షాగిర్దుల పాఠం, రెండింటి బందోబస్త్ అయ్యాకే అడుగు బయటపెట్టారు.

అయినా ఆ ఇంట్లో మిగిలిన బీవీ సంగతి? జీవిత చరిత్రలు రాసినవాళ్లు ఇమామ్ సాహెబ్ వెంట దమిష్ఖ్ వెళ్లారే గానీ ఆవిడ గుమ్మం తొక్కలేదు. గల్ఫ్‌కు వెళ్లిన మియ్యా పంపే డబ్బుతో పదిహేనేళ్లు ఇల్లు నడిపిన మన ఆపాలు, భాభీలు ఈ చోట ఆగి ఆలోచిస్తారని నాకు తెలుసు. నెల నెలా పైసా వస్తుంది, ఏదో కమీగా ఉంటుంది, ఆ కమీ ఆవిడదీ. మగవాడి బేచైనీకి కితాబులున్నాయి. ఆవిడ బేచైనీకి కనీసం ఇంట్లో వినే మనిషైనా ఉండాలి.

లోకం ఊరుకోలేదు. ఇంత దీనీ ఓహదా ఎవరైనా దీన్ కోసం వదులుతారా అని ఇరాఖ్ ఆలిములు నమ్మలేకపోయారు. దూరంగా ఉన్నవాళ్లు హాకిములకు ఆయన మీద కోపం వచ్చిందనుకున్నారు. దగ్గరున్నవాళ్లకు ఆ హాకిములే బతిమాలడం కనపడింది, కాబట్టి ఇది ముసల్మానులకు తగిలిన నజర్ అన్నారు. ఈ కాలపు చరిత్రకారుల్లోనూ కొందరు, బాతినీల కత్తికి భయపడ్డాడనీ, తఖ్త్ లడాయిలో తప్పు పక్షాన నిలిచాడనీ కారణాలు వెతికారు. చుట్టూ అంత ఖూన్ ప్రవహిస్తుంటే ఆ ఖౌఫ్ ఏ మనిషికైనా ఉంటుంది. కానీ ఖౌఫ్‌తో పారిపోయినవాడు తర్వాతి పదేళ్లు అలా గడపడు. ఆ పదేళ్లే అసలు సుబూత్.

500 దీనార్ల నుంచి 15 ఖీరాత్‌లకు

దమిష్ఖ్‌లో బనూ ఉమయ్యా జామె మస్జిద్ మీనార్ ఎక్కి, తలుపు వేసుకుని, పగలంతా ఒంటరిగా జిక్ర్‌లో గడిపేవారు. అక్కడి నుంచి బైతుల్ మఖ్దిస్. అక్కడ కూడా గుంబదె సఖ్రా లోపల తలుపు వేసుకుని ఇబాదత్. 1096లో అల్-ఖలీల్‌లో ఇబ్రాహీమ్ అలైహిస్సలామ్ మజార్ దగ్గర మూడు అహ్ద్‌లు చేశారు. సుల్తానుల పైసా తీసుకోను. సుల్తానుల దర్బార్‌కు వెళ్లను. గెలవడం కోసం మునాజరా చేయను. ఈ మూడూ జాగ్రత్తగా చూడండి. ఆయనను పైకెత్తిన మూడు మెట్లు ఇవే. తన దిల్‌కు రోగం ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి, సరిగ్గా ఆ మూడు దర్వాజాలే మూశారు. తినడం మానలేదు, రాయడం మానలేదు, మనుషులను మానలేదు.

తర్వాత హజ్. ఆపైన, పిల్లల పిలుపే తనను వతన్‌కు లాగిందని ఆయనే రాశారు. 1097లో బగ్దాద్‌లో కొంతకాలం ఆగి తూస్ చేరారు. ఇబ్న్ అల్-జౌజీ చెప్పిన రివాయత్‌లో మిగతా సగం ఇక్కడ వస్తుంది. తిరిగొచ్చినప్పుడు ఆయన ఒంటి మీది లిబాస్ లెక్కగడితే 15 ఖీరాత్‌లు, ఒక దీనార్ కూడా కాదు.

నీషాపూర్ వాసి అబ్దుల్ గాఫిర్ ఫార్సీ అనే ఆలిమ్ ఆయనను రెండు కాలాల్లోనూ ఎరుగుదురు. పాత గజాలీకి తన జవాబుల మీద, తెలివి మీద గురూర్ ఎక్కువ, జనాన్ని చిన్నచూపు చూసేవారు. కొత్త గజాలీ నమ్రతను చూసి ఇది నాటకమేమోనని అబ్దుల్ గాఫిర్‌కు షక్ వచ్చింది. చాలాసార్లు వెళ్లి కలిసి, పరీక్షగా చూసి, చివరికి నిజమేనని ఒప్పుకున్నారు. మారామని మనం చెప్పుకోవడం తేలిక. పాత సంగతులు తెలిసిన మనిషి అనుమానంతో చూసి ఒప్పుకోవడం వేరు.

బజారు కూడా ఉన్న కితాబ్

ఈ సంవత్సరాల ఫలమే ఇహ్యా ఉలూమిద్దీన్. నాలుగు భాగాలు, ఒక్కో భాగంలో పది చొప్పున మొత్తం 40 కితాబులు. మొదటి భాగం ఇబాదత్ గురించి. రెండోది రోజువారీ జిందగీ గురించి: తినే తమీజ్, నికాహ్, సంపాదన. మూడోది మనిషిని ముంచేవి: కోపం, హసద్, మాల్ మీది ప్రేమ, జాహ్, రియా. నాలుగోది గట్టెక్కించేవి: తౌబా, సబర్, షుకర్, నియ్యత్.

బజారు వదిలేయమని ఆ కితాబ్ చెప్పదు. కస్బ్, తిజారత్ కోసం అందులో విడిగా ఒక కితాబే ఉంది. నాలుగో భాగంలో ముహాసబా గురించి చెప్పేటప్పుడు ఆయన తెచ్చిన మిసాల్ కూడా దుకాణం నుంచే వచ్చింది. నఫ్స్‌ను తిజారత్‌లో షరీక్ అనుకోమంటారు. షరీక్‌తో పొద్దున షర్తులు మాట్లాడుకుంటాం. పగలు కన్నేసి ఉంచుతాం. సాయంత్రం ఖాతా తీసి లాభం, నష్టం చూస్తాం. లోటు వస్తే వసూలు చేస్తాం. పైసా విషయంలో ఇంత హుషారుగా ఉండేవాడు ఉమర్ విషయంలో ఖాతా రాయకపోతే ఎలా? మన కిరాణా, కట్‌పీస్, స్క్రాప్ దుకాణాల భాయీలకు దీనికి తర్జుమా అక్కర్లేదు.

తర్వాత సామాన్య జనం కోసం ఫార్సీలో కీమియాయె సఆదత్ రాశారు. దక్కన్ ఇళ్లకు గజాలీ ఎక్కువగా వచ్చింది ఈ దారినే. 19వ శతాబ్దంలో లక్నో నవల్ కిషోర్ ప్రెస్ ఇహ్యాను, కీమియాను ఉర్దూలో అచ్చువేసింది. ఇక ఆయన మీద ఉర్దూలో వచ్చిన ముఖ్యమైన జీవిత చరిత్ర అల్-గజాలీని మౌలానా షిబ్లీ నోమానీ రాసింది మన హైదరాబాద్‌లోనే, 1901 నుంచి 1905 దాకా నిజాం సర్కార్ కొలువులో ఉన్న కాలంలో. అందుకే మన నానీల తాఖ్‌లో గిలాఫ్ చుట్టి ఉండే పాత కితాబుల్లో కీమియా తరచూ కనపడేది.

తిరిగి అదే కుర్సీ

కథ ఇక్కడ ఆగితే రెండో జవాబువాళ్లు గెలిచినట్టే: వదిలేశాడు, సుకూన్ దొరికింది. కానీ 1106లో, బగ్దాద్ వదిలిన 11 హిజ్రీ సంవత్సరాలకు, గజాలీ మళ్లీ నిజామియాలో దర్స్‌కు కూర్చున్నారు. ఈసారి నీషాపూర్ నిజామియా. పిలిచింది నిజాముల్ ముల్క్ కొడుకు వజీర్ ఫఖ్రుల్ ముల్క్. సుల్తానుల జోలికి పోనని అహ్ద్ చేసిన మనిషికి ఇది తేలిక కాదు. దిల్ ఉన్నవాళ్లను సలహా అడిగారు, చాలామంది ఒంటరితనం వదిలి బయటికి రమ్మన్నారు. సలామతీ కోసం, ఇజ్జత్ కోసం మూల పట్టుకుని కూర్చోవడం కూడా నఫ్స్ వేసే ఎత్తే కావచ్చని ఆయనకు అనిపించింది.

జనం కళ్లకు పాత కుర్సీకే తిరిగి వచ్చినట్టు ఉంది. తాను తిరిగి రాలేదని ఆయన అంటారు. అప్పుడు చెప్పిన ఇల్మ్ జాహ్ సంపాదించేది, మనిషిని అటే పిలిచేది. ఇప్పుడు చెప్పేది జాహ్‌ను వదులుకోవడం నేర్పేది. పని అదే, షాగిర్దుల వరుస అదే. నియ్యత్ మారింది. బుఖారీ షరీఫ్ తొలి హదీసే నియ్యత్ మీద ఎందుకుందో ఈ రెండు కుర్సీలను పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది.

తర్వాత తూస్‌లో ఇంటి పక్కనే తాలిబె ఇల్మ్‌ల కోసం మదర్సా, సూఫీల కోసం ఖాన్‌ఖా కట్టుకుని అక్కడే ఉన్నారు. 1111 డిసెంబరులో, హిజ్రీ 505 జమాదిల్ ఆఖిర్ 14న, ఇంతఖాల్. ఆ రోజు సుబహ్ వుజూ చేసి, నమాజ్ చదివి, కఫన్ తెప్పించుకుని ముద్దుపెట్టుకుని, ఖిబ్లా వైపు కాళ్లు చాపి పడుకున్నారని తమ్ముడు అహ్మద్ నుంచి రివాయత్. వెనక మిగిలింది కూతుళ్లు.

మన ఖాతా

అన్నీ ఉన్నా కమీగా ఉందని అనిపించడం నాషుక్రీ కాదు. నాషుక్రీ అంటే ఉన్నదాన్ని కాదనడం. ఇది ఉన్నదాన్నంతా ఒప్పుకుని, ఇదంతా ఎవరి కోసం చేశానని అడగడం. సూరా తకాసుర్ హెచ్చరించేది పోగుచేసే పోటీలో ఈ ప్రశ్నే మరిచిపోవడం గురించి. ఆ ప్రశ్న ఖబ్రస్తాన్‌కు చేరకముందే, నలభైలలో వస్తే అది అల్లాహ్ రహ్మత్.

ఇమామ్ సాహెబ్ నుంచి తీసుకోవాల్సింది బగ్దాద్ వదలడం ఒక్కటే అనుకుంటే పొరపాటు. మనలో చాలామందికి వదలడానికి నిజామియా లేదు, నడపడానికి ఇల్లుంది, తీర్చడానికి లోను ఉంది, చూసుకోవడానికి ముసలి అమ్మీ ఉంది. ఇవన్నీ హఖ్‌లే. కానీ మూడు దర్వాజాలు ఎవరికైనా ఉంటాయి. ఒకరికి అది పెళ్లిళ్లలో చూపించే షాన్ కావచ్చు. ఒకరికి బంధువుల ముందు ఓడిపోకూడదన్న జిద్ద్. ఒకరికి వడ్డీ వాసన వచ్చే రాబడి. ఇంకొకరికి ఫోన్‌లో లైకులు లెక్కపెట్టుకునే అలవాటు. ఏ దర్వాజా నుంచి బేచైనీ వస్తోందో పట్టుకుని, అది మూసి చూడాలి. ఇషా తర్వాత పది నిమిషాలు, దుకాణం ఖాతా తీసినట్టే, రోజు ఖాతా తీయాలి: ఇవాళ ఎవరి మెప్పు కోసం ఎంత ఖర్చయింది? ఎవరి హఖ్ బాకీ పడింది?

ఇంకొకటి. మీ ఇంట్లో భాయో, ఆపానో, మియ్యానో, బేగమో ఈ మాట అంటే వెంటనే జవాబు ఇవ్వకండి. గజాలీ నోరు మూతపడేసరికి ఆరు నెలల బాధ ఒంటిదాకా వచ్చింది. మన ఇళ్లలో మాట పెగిలే దశలోనే వినేవారుంటే, అంతదాకా రాదు.

రిజ్క్‌లో ఇచ్చినట్టే దిల్‌లోనూ అల్లాహ్ తఆలా బర్కత్ ఇవ్వాలని, మన నియ్యత్‌లను సాఫ్ చేయాలని దుఆ. ఆమీన్.